పంపు మాది, హెడ్ మీది: కారు వారంటీలో అసలు తగువు ఎక్కడుంది

రెండు అంకెలతో మొదలుపెడదాం: రూ.10,030, రూ.94,400. కారు ఒకటే, చెడిపోయింది ఒకసారే. మొదటి అంకె కంపెనీ భరిస్తానన్నది. రెండోది యజమానిని కట్టమన్నది.

కారు వయసు రెండేళ్ల నాలుగు నెలలు, తిరిగింది 46,000 కిలోమీటర్లు అనుకుందాం. మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీ ఇంకా నడుస్తోంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుండగా సూర్యాపేట దాటాక వాటర్ పంపు సీలు పోయింది. కూలెంట్ కారిపోయి ఇంజిన్ హీటెక్కింది, సిలిండర్ హెడ్ వంగింది. వర్క్‌షాపు ఇచ్చిన ఎస్టిమేట్‌లో మొదటి భాగం ఇది: పంపు 5,800, బిగించే కూలి 2,700, మొత్తం 8,500, దానిమీద 18 శాతం జీఎస్టీ 1,530. ఇది వారంటీలో వస్తుందన్నారు. ఆ కింద గీత గీసి రెండో భాగం: కొత్త హెడ్ 42,000, గాస్కెట్ సెట్టు 6,200, హెడ్ బోల్టులు 2,400, థర్మోస్టాటూ గొట్టాలూ కలిపి 3,900, ఆయిలు, ఫిల్టరు, కూలెంటు 6,500, కూలి 19,000. మొత్తం 80,000, జీఎస్టీ 14,400. దీని పక్కన ఒక్క ముక్క: "కన్సీక్వెన్షియల్ డ్యామేజీ (పర్యవసాన నష్టం), వారంటీలో రాదు."

ఈ ధరలు లెక్క కోసం నేను వేసుకున్నవి. మోడల్‌ను బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. కానీ లెక్క ఎటు మొగ్గుతుందో ఇందులో తెలిసిపోతుంది. లక్షా నాలుగు వేల నాలుగు వందల ముప్పై రూపాయల మరమ్మతులో కంపెనీ వంతు నూటికి పది కూడా లేదు. ఇంకా మూడో ఖర్చు ఉంది, అది ఎస్టిమేట్‌లో కనిపించదు. టోయింగ్‌కు 4,500, బండి పద్దెనిమిది రోజులు షెడ్డులో ఉంటే క్యాబులకు రోజుకు 900 చొప్పున 16,200. కలిపి 20,700.

ఇప్పుడు మన ముందు మూడు కుప్పలున్నాయి: చెడిపోయిన పార్టు, దానివల్ల అదే కారులో పాడైన పార్టులు, కారు బయట జరిగిన ఖర్చు. కంపెనీ రెండో కుప్పను మూడోదానితో కలిపి ఒకే మూట కట్టి, మొత్తం మీద ఒకే ముద్ర వేస్తుంది. ఆ మూట విప్పడమే మన మొదటి పని. అలా విప్పకుండా "మాకు అన్యాయం జరిగింది" అని ఎన్ని మెయిళ్లు పెట్టినా జవాబు మారదు.

ముందు ఇనుము లెక్క

చట్టం కన్నా ముందు యంత్రం సంగతి చూడాలి. ఎందుకంటే చివరికి వినియోగదారుల కమిషన్ ముందు తేలాల్సింది ఒకటే: పంపు పోవడం వల్ల హెడ్ వంగిందా, లేక పంపు పోయాక మీరు బండి నడపడం వల్ల వంగిందా?

మామూలుగా ఇంజిన్‌లో కూలెంట్ 90 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. సగం నీళ్లు, సగం ఇథిలిన్ గ్లైకాల్ కలిసిన కూలెంట్ మూత లేకుండా అయితే దాదాపు 107 డిగ్రీలకు మరుగుతుంది. రేడియేటర్ మూత లోపల ఒక బార్ పీడనం నిలుపుతుంది కాబట్టి 125 దాటినా మరగదు. సీలు పోయి లీకు మొదలవగానే ఆ పీడనం పడిపోతుంది. అప్పటిదాకా నిలకడగా ఉన్న కూలెంట్ ఆవిరవడం మొదలుపెడుతుంది. ఆవిరి లోహంలోని వేడిని నీరు లాగినట్టు లాగలేదు.

ఇక హెడ్ సంగతి. అల్యూమినియం ప్రతి డిగ్రీకి మీటరుకు 23 మైక్రాన్ల చొప్పున సాగుతుంది. 400 మిల్లీమీటర్ల పొడవున్న హెడ్ మామూలు కన్నా 50 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 0.46 మిల్లీమీటర్లు పెరగాలని చూస్తుంది. కింద బ్లాకు పోత ఇనుముదైతే అదే వేడికి దాని సాగుడు అందులో సగమే, 0.22. మధ్యలో బోల్టులు రెండింటినీ బిగించి పట్టుకుని ఉంటాయి. పెరగడానికి దారి లేక హెడ్ వంగుతుంది. చాలా సర్వీస్ మాన్యువళ్లలో హెడ్ ముఖానికి అనుమతించే వంపు 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల మధ్యే ఉంటుంది. పెరగాలని చూసిన 0.46 ఎక్కడ, ఓర్చుకోగలిగిన 0.05 ఎక్కడ!

ఈ వంపును కొలిచే తీరు మీ కళ్లతో చూడండి, ఫోటో తీసుకోండి. హెడ్‌ను బోర్లించి, గాస్కెట్ ముక్కలు గీకి శుభ్రం చేస్తారు. దాని ముఖం మీద ఉక్కు స్ట్రెయిట్ ఎడ్జ్‌ను నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెడతారు. ఆ సందులోకి ఫీలర్ గేజ్ రేకులు దూర్చి చూస్తారు. 0.05 రేకు దూరకూడదు. 0.20 రేకు సాఫీగా జారిపోయిందంటే, రేకు మీది అంకె కనిపించేలా అక్కడే ఫోటో తీయండి. "హెడ్ బెండయింది" అనే నోటిమాట కన్నా ఆ ఒక్క ఫోటో మీకు ఎక్కువ పనిచేస్తుంది. లేత్‌లో ఫేసింగ్ చేస్తే సరిపోయే హెడ్‌కు 42,000 పెట్టి కొత్తది వేయమంటున్నారా అన్నదీ ఆ కొలతే చెబుతుంది.

కంపెనీ ఎక్కువగా తీసే వాదన ఇది: "ఇంజిన్ హీటెక్కిందని తెలిసీ మీరు నడిపారు." ఇది కొట్టిపారేయాల్సిన వాదన కాదు. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో బండి నిమిషానికి కిలోమీటరున్నర పోతుంది. ఎరుపు దీపం వెలిగాక మూడు నిమిషాలు నడిపితే నాలుగున్నర కిలోమీటర్లు. హెడ్ వంగడానికి అది చాలు. అందుకే ఆ మూడు నిమిషాలు జరిగాయా లేదా అన్నది లక్ష రూపాయల ప్రశ్న.

ఇక్కడ యజమానులకు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. ఉష్ణోగ్రత సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరైన రీడింగ్ ఇస్తుంది. కూలెంట్ ఒక్కసారిగా పోతే సెన్సర్ చుట్టూ ఉండేది గాలో ఆవిరో. అప్పుడు ముల్లు మామూలు చోటే నిలబడిపోవచ్చు, కిందికి కూడా దిగవచ్చు. చాలా చిన్న కార్లలో ఇప్పుడు అసలు ముల్లే లేదు, నీలం, ఎరుపు దీపాలు మాత్రమే. అంటే "మీకు హెచ్చరిక వచ్చింది" అన్నది కంపెనీ రుజువు చేయాల్సిన మాట. మీరు తలూపాల్సిన మాట కాదు.

రుజువు బండిలోనే ఉంది. కంప్యూటర్ ఒక తప్పును గుర్తించి కోడ్ నమోదు చేసినప్పుడు ఆ క్షణపు లెక్కలు కూడా దాచిపెట్టుకుంటుంది. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కూలెంట్ ఉష్ణోగ్రత, ఇంజిన్ ఆర్‌పీఎం, బండి వేగం, ఇంజిన్ మీది లోడు అందులో ఉంటాయి. ఇంజిన్ మితిమీరి వేడెక్కితే వచ్చే కోడ్ పీ0217. అది నమోదైనప్పుడు వేగం 12 కిలోమీటర్లు అని ఉంటే మీరు అప్పటికే బండిని పక్కకు తీస్తున్నారని అర్థం. 95 అని ఉంటే మీ వాదన బలహీనపడుతుంది, ఆ సంగతి కూడా మీకు ముందే తెలియాలి. మరమ్మతు అవగానే ఈ కోడ్‌లన్నీ స్కానర్‌తో చెరిపేస్తారు, అది వాళ్ల రోజువారీ పని. అందుకే బండి షెడ్డులోకి వెళ్లిన రోజే మెయిల్ పెట్టండి: కోడ్‌లు చెరపకుండా స్కాన్ రిపోర్టు, ఫ్రీజ్ ఫ్రేమ్‌తో సహా, ప్రింటు తీసి ఇవ్వండి అని. ఇవ్వకపోతే ఆ మెయిలే రేపు మీ సాక్ష్యం.

జాబ్ కార్డు మీద కూడా ఇంతే జాగ్రత్త అవసరం. సర్వీస్ అడ్వైజర్ మీరు చెప్పినదాన్ని తన మాటల్లో రాసుకుంటారు. "ఓవర్‌హీట్ అయినా నడిపారు" అన్న అర్థంలో నాలుగు ముక్కలు పడితే, మీ సంతకం దాని కిందే ఉంటుంది. దీపం ఎప్పుడు వెలిగింది, ఎక్కడ ఆపారు, టోయింగ్‌కు ఎన్ని గంటలకు ఫోన్ చేశారు, ఇవన్నీ మీ చేత్తో రాసి అప్పుడు సంతకం పెట్టండి. కాల్ లాగ్‌లో ఆ సమయం, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో టోల్ ప్లాజా దాటిన సమయం ఉంటాయి. ఆ ప్లాజాకూ మీరు ఆగిన చోటుకూ మధ్య దూరాన్ని వేగంతో భాగించి ఈ సమయాలతో పోల్చి చూస్తే మీ కథ నిలుస్తుందో లేదో మీకే తెలిసిపోతుంది.

పాత పార్టులు ఇంకో సంగతి. వారంటీలో మార్చిన పార్టు సాధారణంగా కంపెనీదే అవుతుంది, వెనక్కి ఇవ్వరు. కానీ పరీక్ష అయ్యేదాకా భద్రపరచమని రాతలో అడగవచ్చు, అడగాలి కూడా. పోయిన సీలు ఉన్న పంపు తుక్కులోకి వెళ్లిపోతే, మొదట చెడింది ఏదో చెప్పే వస్తువే మాయమైపోయినట్టు.

మిల్లు ఇరుసు నుంచి సెక్షన్ 73 దాకా

నేరుగా జరిగిన నష్టం, దూరపు నష్టం అనే విభజన కార్ల కంపెనీలు కనిపెట్టింది కాదు. 1854లో ఇంగ్లండులో హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ అనే కేసులో తీర్పు వచ్చింది. గ్లోస్టర్‌లో ఒక పిండిమిల్లు. ఆవిరి యంత్రపు క్రాంక్ షాఫ్ట్ విరిగింది. దాన్ని నమూనాగా పంపి కొత్తది చేయించుకోవాలి. రవాణా వాళ్లు ఆలస్యం చేశారు, మిల్లు అన్ని రోజులూ మూతపడింది. ఆ రోజుల లాభం రవాణాదారు ఇవ్వాలా? ఆలస్యమైతే మిల్లు ఆగిపోతుందన్న సంగతి వాళ్లకు తెలియదు కాబట్టి ఇవ్వనక్కర్లేదన్నారు న్యాయమూర్తులు. ఒప్పందం తప్పితే మామూలుగా జరిగే నష్టానికి బాధ్యత ఉంటుంది, ప్రత్యేక పరిస్థితుల వల్ల వచ్చే నష్టానికి ఆ పరిస్థితి ముందే తెలిస్తేనే బాధ్యత ఉంటుంది అన్న సూత్రం అక్కడ స్థిరపడింది.

పద్దెనిమిదేళ్ల తర్వాత, 1872 భారత కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 73గా దాదాపు ఇదే వచ్చింది. సహజ క్రమంలో కలిగే నష్టానికి పరిహారం ఉంటుంది, దూరపు, పరోక్ష నష్టానికి ఉండదు.

ఇప్పుడు మన కుప్పల దగ్గరికి వద్దాం. కారు ఆగిపోవడం వల్ల చేజారిన కాంట్రాక్టు, తప్పిన విమానం లాంటివి మిల్లు లాభంలాంటివి. వాటి మీద కంపెనీ గీత గీస్తే చట్టంలో దానికి ఆధారం ఉంది. కానీ పంపు పోతే హెడ్‌కు వచ్చే ముప్పు ఎవరికీ తెలియని ప్రత్యేక పరిస్థితి కాదు. ఆ ఇంజిన్‌ను గీసింది, ఆ పంపును ఎంచింది ఆ కంపెనీయే. వేడెక్కితే వెంటనే ఆపమని తన మాన్యువల్‌లో రాసిందీ ఆ కంపెనీయే. ఇంత సహజమైన పర్యవసానాన్ని "పరోక్షం" అనడం ఎలా కుదురుతుంది? నా దృష్టిలో రెండో కుప్ప కోసం చేసే వాదన అంతా ఈ ఒక్క ప్రశ్న మీద నిలబడాలి. పైగా హెడ్ కూడా అదే వారంటీలో ఉన్న పార్టే. దాన్ని చెడగొట్టింది బయటి కారణం కాదు, పక్కన కూర్చున్న అదే కంపెనీ పార్టు.

అదే సెక్షన్ కింద ఒక వివరణ ఉంది, అది యజమాని మీద కూడా బాధ్యత పెడుతుంది: నష్టాన్ని తగ్గించుకునే దారి ఉందా అన్నది లెక్కలోకి తీసుకోవాలి. ఇంజిన్ ఆపడం ఆ దారి. ఫ్రీజ్ ఫ్రేమ్ గురించి అంతసేపు చెప్పింది ఇందుకే.

ఇవన్నీ చెప్పాక మీ వారంటీ పుస్తకంలోని వాక్యాన్ని అక్షరం అక్షరం చదవండి. కొన్ని పుస్తకాల్లో మినహాయింపు సమయ నష్టం, వాణిజ్య నష్టం, అసౌకర్యం, టోయింగ్ అంటూ వరసగా ఉంటుంది. ఆ వరసలో హెడ్ పేరే ఉండదు, అన్నీ మూడో కుప్పలోవే. అలాంటి వాక్యాన్ని చూపించి రెండో కుప్పను నిరాకరించడం ఆ వాక్యం చెప్పనిది చెప్పించడమే. ఇంకొన్నిటిలో "ఒక పార్టు వైఫల్యం వల్ల ఇతర పార్టులకు కలిగే నష్టం" అని సూటిగా రాసి ఉంటుంది. అప్పుడు పోరాటం కష్టం, ముగిసిపోయిందని మాత్రం కాదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నవాళ్లు ఆ కాగితాన్ని విడిగా చదవాలి. దాని షరతులు, కవరయ్యే పార్టుల జాబితా, ఒక్కోసారి దాన్ని నడిపే సంస్థ కూడా వేరు.

నిరాకరణ నోటిమాటగా వస్తే ఒప్పుకోకండి. ఏ క్లాజు, ఏ పార్టుకు, ఏ సాంకేతిక కారణంతో అన్నది రాతలో అడగండి. చాలా కేసుల్లో మొదట చెప్పిన కారణం ఒకటి, కమిషన్ ముందు చెప్పేది మరొకటి. రాత ఉంటే మాట మార్చడానికి వీలుండదు.

కంపెనీ చూపించే తీర్పు, మీరు చూపించాల్సినవి

కంపెనీ న్యాయవాది చేతిలో దాదాపు ఎప్పుడూ ఉండే తీర్పు 2006 నాటి మారుతి ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా. క్లచ్‌లో లోపమున్న కారును పూర్తిగా మార్చివ్వమన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు అందులో నిలబెట్టలేదు. వారంటీ ప్రకారం లోపమున్న పార్టును మార్చడం వరకే బాధ్యత అంది. దీన్ని చూసి భయపడాల్సిన పని లేదు. అక్కడ అడిగింది కొత్త కారు. మీరు అడుగుతున్నది పాడైన పార్టుల మరమ్మతు. కాబట్టి ఫిర్యాదులో కోపంతో "కారు మార్చివ్వాలి" అని మొదటి కోరికగా పెట్టకండి. ఆ ఒక్క పంక్తితో కంపెనీకి సిద్ధంగా ఉన్న జవాబును మీరే అందించినట్టవుతుంది.

మీ వైపు పనికొచ్చేవి రెండు. మొదటిది 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఇచ్చిన ఆదేశం. విడిభాగాల అమ్మకాన్ని బిగించినందుకు 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. జరిమానా లెక్క మీద తర్వాత అప్పీళ్లు నడిచాయి. మనకు కావలసింది అందులోని ఒక సూత్రం: బయట మెకానిక్ దగ్గర పని చేయించుకున్నారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తాన్ని రద్దు చేయకూడదు, ఆ బయటి పని వల్ల నష్టం ఎంతమేర జరిగిందో అంతమేరకే నిరాకరించవచ్చు. అంటే నిరాకరణ కారణానికి కట్టుబడి ఉండాలి. "మీరు ఒక సర్వీస్ ఆలస్యంగా చేయించారు, కాబట్టి హెడ్ రాదు" అన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఆయిల్ మార్పు మూడు వారాలు ఆలస్యమైతే వాటర్ పంపు సీలు ఎలా పోయింది?

రెండోది 2022 నవంబరు 9న వచ్చిన టెక్స్‌కో మార్కెటింగ్ తీర్పు. అది బీమా కేసు. బేస్‌మెంట్‌లో ఉన్న దుకాణానికి అగ్నిప్రమాద పాలసీ అమ్మి, ప్రమాదం జరిగాక బేస్‌మెంట్లకు వర్తించదన్న మినహాయింపు చూపించారు. ఒప్పందపు అసలు ప్రయోజనాన్నే మింగేసే మినహాయింపును నిలబెట్టలేమని సుప్రీంకోర్టు అంది. వారంటీ బీమా కాదు కాబట్టి ఇది నేరుగా వర్తించదు. కానీ నూటికి పది కూడా మిగల్చని మినహాయింపు గురించి వాదించేటప్పుడు ఆ తర్కం బలంగా వినిపిస్తుంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో రెండు గుంటలున్నాయి, తెలియక పడేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఒకటి "ప్రొడక్ట్ లయబిలిటీ" అధ్యాయం. పేరు చూసి చాలామంది ఫిర్యాదును దాని కిందే వేస్తారు. కానీ ఆ అధ్యాయానికి వర్తించే "హాని" నిర్వచనంలో, సెక్షన్ 2(22)లో, వస్తువుకే జరిగిన హానినీ, వారంటీ షరతుల ఉల్లంఘన వల్ల ఆస్తికి కలిగిన నష్టాన్నీ, వాణిజ్యపరమైన, పర్యవసాన నష్టాలనూ స్పష్టంగా తీసేశారు. మీ కారు హెడ్ అంటే "వస్తువుకే జరిగిన హాని"యే. కాబట్టి ఫిర్యాదు వస్తువులో లోపం, సేవలో లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న పాత తలుపుల గుండానే వెళ్లాలి. రెండో గుంట "అన్యాయమైన ఒప్పందం" అన్న వాదన. సెక్షన్ 2(46) ఇచ్చిన ఆరు రకాల్లో ఆఖరిది, వినియోగదారుణ్ని నష్టపరిచే అసమంజసమైన షరతు, మన విషయానికి సరిపోయేలా ఉంది. కానీ దాన్ని విచారించే అధికారం చట్టం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఇచ్చింది, జిల్లా కమిషన్‌కు కాదు. జిల్లాలో "ఈ క్లాజు అన్యాయం" అనడం కన్నా "ఈ క్లాజు నా హెడ్ దాకా రాదు" అనడమే దారి.

మరమ్మతే కొత్త నష్టం తెచ్చిన కేసులు కూడా ఉంటాయి. 40,000 కిలోమీటర్ల సర్వీసులో కూలెంట్ గొట్టం క్లిప్పు వదులుగా బిగించి పంపారు, వారానికి ఇంజిన్ హీటెక్కింది అనుకోండి. అప్పుడు వారంటీ పుస్తకం జోలికే వెళ్లనక్కర్లేదు. అది డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం, ఆ సర్వీసు బిల్లే మీ ఆధారం.

ఎవరి మీద వేయాలన్నదీ ముఖ్యమే. డీలర్ చేసినదానికి తయారీ కంపెనీ తనంతట తాను బాధ్యురాలైపోదని 2021లో టాటా మోటార్స్ వర్సెస్ ఆంటోనియో పాలో వాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి తయారీ కంపెనీ, డీలర్, ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే దాన్ని ఇచ్చిన సంస్థ, ముగ్గురినీ చేర్చి, ఒక్కొక్కరు ఏం చేశారో విడివిడిగా రాయాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ లెక్క కొంచెం వేరు. అక్కడి యూనిఫాం కమర్షియల్ కోడ్‌లో వారంటీ తప్పడం వల్ల ఆస్తికి జరిగే నష్టం కూడా పర్యవసాన నష్టం కిందికే వస్తుంది, దాన్ని మినహాయించడాన్ని మరీ అన్యాయమైతే తప్ప అనుమతిస్తారు. కానీ 1975 నుంచి అమల్లో ఉన్న మాగ్నసన్-మాస్ చట్టపు నిబంధనల ప్రకారం, అలా మినహాయించే రాతపూర్వక వారంటీలో, కొన్ని రాష్ట్రాలు ఈ మినహాయింపును ఒప్పుకోవు కాబట్టి ఇది మీకు వర్తించకపోవచ్చు అనే హెచ్చరిక ఉండాలి. టెక్సాస్‌లో ఉన్నా న్యూజెర్సీలో ఉన్నా మొదట తేల్చుకోవాల్సింది తమ రాష్ట్రం ఎటువైపు ఉందన్నదే.

వరద నీళ్లలో ఇదే మాట

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కార్లు మునిగినప్పుడు ముందుకొచ్చిన ప్రశ్న కూడా ఇలాంటిదే, అయితే అది వారంటీలో కాదు, బీమాలో. సాధారణ మోటారు పాలసీ పాఠంలోనే పర్యవసాన నష్టం, యాంత్రిక వైఫల్యం మినహాయించి ఉంటాయి. నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్లు వంగవచ్చు, అప్పుడు బీమా వాళ్లు అది వరద నష్టం కాదు, స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టం అంటారు. లెక్క వేసి చూడండి: 1,197 సీసీ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 299 సీసీ, కంప్రెషన్ నిష్పత్తి 11 అయితే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 30 మిల్లీలీటర్లు. దగ్గు మందు రెండు మూడు మూతలంత. అంతకు మించి నీళ్లు చేరితే అవి అణగవు, రాడ్డు వంగుతుంది. అందుకే మునిగిన కారు తాళం తిప్పకుండా టోయింగ్ చేయించడమే ఉత్తమం. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉంటే ఈ తగవుకు అవకాశం తగ్గుతుంది. నిరాకరిస్తే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ హైదరాబాద్ కార్యాలయమే, 50 లక్షల దాకా, ఫీజు లేకుండా. నిరాకరణ అందిన ఏడాదిలోపు వెళ్లాలి.

కమిషన్‌కు వెళ్తే ఎంత, ఎన్నాళ్లు

కమిషన్‌కు వెళ్లే ముందు ఒక చిక్కు తీరాలి. కారు షెడ్డులో ఉన్నంతకాలం నష్టం పెరుగుతూనే ఉంటుంది. రెండు నెలలు నానిస్తే రోజుకు 900 చొప్పున క్యాబ్ ఖర్చే 54,000, గొడవపడుతున్న మొత్తంలో సగానికి పైగా. కొన్ని వర్క్‌షాపులు పార్కింగ్ అద్దె కూడా వేస్తాయి. అందుకని ఫోటోలు, కొలతలు, స్కాన్ రిపోర్టు చేతికొచ్చాక, వీలైతే కంపెనీతో సంబంధం లేని ఇంజినీరో మోటారు సర్వేయరో చూసి రిపోర్టు రాశాక, "అభ్యంతరం తెలుపుతూ, నా హక్కులు వదులుకోకుండా చెల్లిస్తున్నాను" అని మెయిల్ పెట్టి, డబ్బు కట్టి బండి తెచ్చుకోండి. ఆ పదాలు లేకుండా కట్టి, "సంతృప్తిగా తీసుకున్నాను" అన్న గేట్ పాస్ మీద సంతకం పెడితే దాన్నే రేపు ముందు పెడతారు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడానికి ఖర్చేమీ లేదు, కొన్ని తగవులు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే లీగల్ నోటీసు, ఆ తర్వాత ఫిర్యాదు. ఏ కమిషన్ అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాక, మీరు చెల్లించిన ధరను బట్టి ఉంటుంది: 50 లక్షల దాకా జిల్లా, రెండు కోట్ల దాకా రాష్ట్రం, ఆపైన జాతీయం. ఫీజు కూడా దాన్ని బట్టే. కారు ధర ఐదు లక్షల లోపైతే ఏమీ లేదు, పది లక్షల దాకా 200, ఇరవై దాకా 400, యాభై దాకా వెయ్యి. పన్నెండు లక్షల కారుకు 94,400 రూపాయల కోసం పెట్టాల్సిన ఫీజు 400. మీరుండే జిల్లాలోనే వేయవచ్చు, కంపెనీ ఆఫీసు చెన్నైలో ఉందో గురుగ్రామ్‌లో ఉందో అక్కర్లేదు. ఆన్‌లైన్లో వేయవచ్చు, న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు.

కంపెనీ జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, ఇంకో 15 రోజులు పొడిగించవచ్చు. అంతకు మించి ఒక్క రోజు కూడా ఇచ్చే అధికారం కమిషన్‌కు లేదని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 46వ రోజున జవాబు పెట్టాలని చూస్తే అభ్యంతరం చెప్పండి. పరీక్ష అక్కర్లేని కేసు నోటీసు అందిన మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష కావలసింది ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో అంతకన్నా చాలా ఎక్కువ పట్టే కేసులు ఎన్నో. అందుకే వడ్డీ అడగడం మరవకండి. 94,400కు 9 శాతం చొప్పున రెండేళ్లకు 16,992 అవుతుంది. మూడో కుప్పను, అంటే టోయింగ్, క్యాబులను, విడి కోరికగా రసీదులతో పెట్టండి. అది రాకపోయినా రెండో కుప్ప దానితో పాటు మునిగిపోకూడదు.

గెలిచాక కంపెనీ రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు, 45 రోజుల్లో, ఆదేశించిన మొత్తంలో సగం ముందుగా జమ చేసి. అప్పీలు వేయకుండా, డబ్బూ కట్టకుండా కూర్చుంటే సెక్షన్ 72 కింద అర్జీ పెట్టండి. దాని కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు గానీ, 25,000 నుంచి లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.